దోనెలోని విశ్రాంతి

ధ్యాన భాగము: మార్కు సువార్త 6వ అధ్యాయము, 30 నుండి 34 వచనములు



ఈ నెల మన ధ్యానమునకు ఒక చిన్న సంగతిని తీసికొనుచున్నాను. అది తెరచాప గల చిన్న పడవలో ప్రయాణము చేయుటలోని సంతోషము. “అయ్యగారూ, కామారెడ్డి ఎక్కడ, తెరచాప ఎక్కడ? మనకు సముద్రమున్నదా?” అని మీలో కొందరు నవ్వవచ్చును. సముద్రము లేని మాట నిజమే. అయితే మన ప్రభువు ఎక్కిన దోనె కూడ సముద్రముమీద నడిచినది కాదు. దానిని సువార్తలలో సముద్రమని పిలిచినను, అది చుట్టు కొండలున్న మంచినీటి సరస్సే. దాని పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, మిక్కిలి వెడల్పైన చోట దాదాపు 13 కిలోమీటర్లు. చెరువు కట్టమీద పెరిగిన మనకు అట్టి నీరు పరాయిది కాదు.

ఎల్లారెడ్డి తట్టు వారికి పోచారము చెరువు తెలియును. ఆలేరు వాగునకు అడ్డముగా 1916–1922 సంవత్సరముల నడుమ దానిని కట్టిరి. మంజీర నదిమీద నిజాంసాగరు పని 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అను ఇంజనీరు ఆ పనిని నడిపించెను. ఆ దినములలోనే మెదకు మహాదేవాలయము కూడ లేచెను. కరవు కాలములో కూలికి వచ్చి రాళ్లు మోసినవారు ఆ కూలితోనే బిడ్డల ఆకలి తీర్చుకొనిరి. 1924 క్రిస్మసు దినమున అది ప్రతిష్ఠింపబడెను. కట్టలైనను గుడియైనను కష్టజీవుల చెమటతో లేచినవే. నిజాంసాగరు నీటి అడుగున ఒకప్పటి గ్రామములును పొలములును ఉన్నవి. ఆ నీటిని చూచి ఆనందించువారు దాని వెలను కూడ జ్ఞాపకము చేసికొనుట మంచిది.

మన వాగుల నీరు ఎక్కడికి పోవును? మంజీర కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. గోదావరి పోయి పోయి ధవళేశ్వరము చేరును. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ 1847–1852 నడుమ ఆనకట్ట కట్టించెను. అక్కడి కాలువలు సేద్యమునకే గాక పడవలకు కూడ బాటలాయెను. ఒకప్పుడు ధాన్యమును ఉప్పును మనుష్యులును ఆ కాలువలలోనే ఊరినుండి ఊరికి పోవుచుండిరి. గాలి ఉన్నప్పుడు తెరచాప ఎత్తుదురు. గాలి పడిపోయినప్పుడు గట్టుమీద నడచుచు తాడుతో పడవను లాగుదురు. తరువాత ఆ పనిని రైళ్లును లారీలును తీసికొనెను. తెరచాప మాత్రము తెలుగు దేశమునుండి పూర్తిగా పోలేదు. హైదరాబాదు నడుమ నున్న హుస్సేన్ సాగరుమీద నేటికిని చిన్న పడవలు తెల్లని తెరలెత్తి తిరుగుచున్నవి. అక్కడ పేదవారి బిడ్డలకు కూడ ఈ విద్యను నేర్పుచున్నారు.

ఆ పిల్లల పడవను గూర్చి ఒక మాట. దాని పేరు ఆప్టిమిస్ట్, అనగా మంచి జరుగునని ఎదురుచూచువాడు. 1947లో అమెరికా దేశములో క్లార్క్ మిల్స్ అను పడవల పనివాడు పిల్లలకొరకు దానిని తయారుచేసెను. పొడవు రెండు మీటర్ల ముప్పావును దాటదు, బరువు 35 కిలోలు. ఒకే తెర, ఒకే చుక్కాని, లోపల ఒకే బిడ్డ. యంత్రము లేదు గనుక చమురు వాసన లేదు, చప్పుడు లేదు. పడవ ప్రక్కను నీరు ఒరయు సవ్వడి వినబడును. ముఖమునకు గాలి తగులును. దరిమీది ఇండ్లు, చెట్లు, మనుష్యులు చిన్నవై, ఇంతవరకు కొండవలె కనబడిన చింతలు కూడ వాటితోపాటు కొంత చిన్నవగును. మూటలోని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ ఆ గాలిలో విందు భోజనమువలె రుచించును. పోచారము నీటిమీదికి చలికాలములో దూరదేశపు పక్షులు వచ్చును. తలమీద నల్లని చారలు గల బాతులు హిమాలయములను దాటి మన దేశమునకు దిగును. వాటిని చూచుటకు టికెట్టు కొననక్కర లేదు, తల ఎత్తి చూచిన చాలును.

ఇట్టి చిన్న సంతోషములను గూర్చి మన సంఘములలో ఒక అనుమానమున్నది. పని చేయునప్పుడు మాత్రమే దేవుడు మనలను మెచ్చుకొనునని కొందరు తలంతురు. ఊరకే కూర్చుండి గాలి పీల్చుకొన్నయెడల అది సోమరితనమని, నవ్విన యెడల భక్తి తగ్గెనని అనుకొందురు. ఇది సరియైన తలంపా? మన ధ్యాన భాగమును చూతము.

శిష్యులు సేవనుండి తిరిగి వచ్చి, చేసిన పనులన్నియు ప్రభువునకు చెప్పిరి. వచ్చువారును పోవువారును అనేకులైనందున వారికి భోజనము చేయుటకైనను తీరిక లేకపోయెను. అప్పుడు ప్రభువు వారికి మరియొక పని అప్పగించలేదు. జనుల సందడికి దూరముగా పోయి కొంత విశ్రమించుటకు వారిని పిలిచెను. వారు దోనె ఎక్కి బయలుదేరిరి. అయితే వారు పోవుట చూచి జనులు దరివెంబడి పరుగెత్తి, వారికంటె ముందుగా అక్కడికి చేరిరి. ప్రభువు దోనె దిగి ఆ గొప్ప సమూహమును చూచి, కాపరి లేని గొఱ్ఱెలవలె ఉన్నవారిమీద జాలిపడి, వారికి బోధింప సాగెను. సాయంకాలమున ఐదువేల మంది పురుషులకు ఆహారము పెట్టవలసి వచ్చెను.

ప్రియులారా, శిష్యులకు దొరికిన విశ్రాంతి ఎంత? వారు కోరిన నిర్జన ప్రదేశము దొరకలేదు. ఇవతలి దరిని పని, అవతలి దరిని అంతకంటె ఎక్కువ పని. ఈ రెండింటి నడుమ దోనెలో గడచిన ఆ కొద్దిసేపే వారి విశ్రాంతి. నడచిపోయినవారు దోనెకంటె ముందుగా చేరిరనిన, ఆ దోనె వేగముగా పోలేదన్నమాట. గాలి మందముగా వీచుచుండెనేమో. ప్రభువు తొందరపడి తెడ్లు వేయుడని వారికి ఆజ్ఞాపించినట్లు వ్రాయబడలేదు. ఆయన వారితో కూర్చుండెను. అది చాలును.

ఇందులో మొదటి పాఠము ఇదే: విశ్రాంతి ప్రభువు ఇచ్చు ఈవి, మనము దొంగిలించుకొను సమయము కాదు. ద్వితీయోపదేశ కాండము 5వ అధ్యాయములో విశ్రాంతి దినపు ఆజ్ఞను చదువుడి. యజమానునికి మాత్రమే కాదు, దాసునికి, దాసికి, ఎద్దునకు, గాడిదకు కూడ దేవుడు విశ్రాంతిని నియమించెను. ఐగుప్తులో బానిసలై, ఒక దినమైనను సెలవు లేక ఇటుకలు చేసిన జనులకు ఆయన ఈ ఆజ్ఞ ఇచ్చెను. కాబట్టి తన పాలేరును ఏడు దినములు పొలములో నిలిపి, తాను మాత్రము గుడికి వచ్చి కీర్తనలు పాడువాడు ఆజ్ఞలో సగమే నెరవేర్చినవాడు. మన యిండ్లలో బీడీలు చుట్టు అక్కలను, చెల్లెండ్రను జ్ఞాపకము చేసికొనుడి. చాట ఒడిలో పెట్టుకొని, మెడ వంచి, ప్రొద్దు గూకువరకు ఆకు కత్తిరించి చుట్టుదురు. లేచిన తరువాత పొయ్యి వారికొరకే కాచుకొనియుండును. వారి దోనె ఏది? వారికి దరి విడిచి పోవు గడియ ఎప్పుడు?

రెండవ పాఠము: గాలి మనది కాదు, తెర ఎత్తుట మాత్రము మన వంతు. కళ్లములో తూర్పార పట్టు రైతునకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు. చేటనిండ వడ్లు ఎత్తి పట్టుకొని అతడు గాలికొరకు చూచును. గాలిని కొనుటకు ఏ సంతలోను వీలులేదు. అయితే గాలి వచ్చినప్పుడు చేట ఎత్తనివాని వడ్లనుండి తాలు పోదు. పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలోను, క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలోను గాలికిని ఆత్మకును ఒకే మాట ఉన్నది. నీకొదేముతో మాటలాడినప్పుడు ప్రభువు ఈ పోలికనే తీసికొనెను. గాలి ఎటునుండి వచ్చునో మనకు తెలియదు, దాని చప్పుడు మాత్రము వినుదుము (యోహాను 3వ అధ్యాయము). ప్రార్థన, వాక్యపఠనము, సహవాసము మన తెర. వాటిని చుట్టి మూలను పడవేసి, గాలి రాలేదని దేవునిమీద సణుగుట న్యాయమా?

ఈ కాలపు దృష్టాంతము ఒకటి చూడుడి. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళమునకు చెందిన ఆరుగురు స్త్రీలు తారిణి అను తెరచాప పడవలో గోవానుండి బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగు బిడ్డలు. పడవ పొడవు 17 మీటర్లు మాత్రమే. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, ఫాక్లాండు దీవులు, దక్షిణాఫ్రికా రేవులలో ఆగి, భూగోళమును చుట్టి, 2018 మే 21న తిరిగి గోవా చేరిరి. దాదాపు 21,600 నాటికల్ మైళ్లు. ఆ దూరమంతటిని నడిపించిన గాలిని వారిలో ఎవరును పుట్టించలేదు. కాని రాత్రింబగళ్లు వంతులవారీగా మేలుకొని, గాలికి తగినట్లు తెరలను సవరించిరి. కృపయు శ్రమయు ఎట్లు కలిసి పనిచేయునో తెలిసికొనుటకు ఇంతకంటె తేటయైన పోలిక నాకు దొరకలేదు.

మూడవ పాఠము ఎదురుగాలిని గూర్చినది. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోజాలదు. అయితే ఆగిపోదు. గాలికి దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా ఒకసారి కుడికి, మరియొకసారి ఎడమకు తిరుగుచు ముందుకు సాగును. నిటారుగా ఎక్కలేని ఘాటును బండి మెలికలు తిరుగుచు ఎక్కునట్లు అది పోవును. దరినుండి చూచువాడు “వీడు దారి తప్పెను” అనుకొనును. పడవలో ఉన్నవాడు మాత్రము ఒక్కొక్క మలుపునకు గమ్యమునకు దగ్గరగుచున్నాడు. అప్పుల వలన, పంట పోవుట వలన, బిడ్డకు ఉద్యోగము రాకపోవుట వలన మీ త్రోవ వంకరగా కనబడుచున్నదా? ధైర్యము తెచ్చుకొనుడి. వంకరగా నడిచినను గురి తప్పనివాడు చేరును.

అయితే పడవ ప్రక్కకు కొట్టుకొనిపోకుండ కాపాడునది ఏది? అడుగున నీటిలోనికి దిగియుండు ఒక పలక. అది పైకి కనబడదు. తెరను అందరు చూచి మెచ్చుకొందురు, ఆ పలకను ఎవరును చూడరు. అది లేనియెడల ఎంత మంచి తెరయైనను పడవను ప్రక్కకే నెట్టును. తలుపు వేసికొని చేయు ప్రార్థన అట్టిది. ఆదివారము బిగ్గరగా పాడుట తెర. సోమవారము తెల్లవారుజామున ఒంటరిగా మోకరించుట ఆ పలక.

నాలుగవది ఒక హెచ్చరిక. నిజాంసాగరు కట్టిన దినములలో దానిలో దాదాపు 30 టీయంసీల నీరు నిలుచుచుండెను. ఏటేట మంజీర తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొని, ఆ చోటు దాదాపు 18 టీయంసీలకు తగ్గెను. కట్ట తెగలేదు, శత్రువు వచ్చి పాడుచేయలేదు. కనబడకుండ కొంచెము కొంచెముగా మట్టి దిగెను. పైనుండి చూచువానికి నీరు మునుపటివలెనే మెరయును. లోతు మాత్రము పోయెను. మన జీవితములలోనికి కూడ ఇట్లే ఒండ్రు దిగుచున్నది. చిన్న చిన్న తొందరలు, పొరుగువానితో పోటీ, పెండ్లికి చేసిన మితిమీరిన ఖర్చు, అర్ధరాత్రివరకు చేతిలో వెలుగుచుండు ఫోను. వీటిలో ఏదియు గొప్ప పాపముగా కనబడదు. కాని దేవుని కొరకును, భార్యాబిడ్డల కొరకును మనలో ఉండవలసిన చోటును ఇవి నింపివేయును. పైకి భక్తి మెరయుచునే యుండును. లోతు ఎంత మిగిలెనో ప్రతివాడును తన్ను తాను కొలిచి చూచుకొనవలెను.

నీటిని గూర్చి మాటలాడుచు దాని భయమును దాచుట నాకు తగదు. 2025 ఆగస్టు చివరి వారములో మన కామారెడ్డి, మెదకు ప్రాంతములలో కురిసిన వాన మీరు మరువలేదు. పోచారము కట్ట నిలుచునో లేదో అని క్రింది గ్రామములవారు ఎంతో కలవరపడిరి. నూరేండ్లు దాటిన ఆ కట్ట నిలిచెను. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు యొద్ద విహారమునకు పోయిన లాంచీ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో కూడ, దక్షిణపు గాలి మెల్లగా వీచుట చూచి ఓడవారు అంతయు అనుకూలమనుకొనిరి. కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిమీద పడెను. కాబట్టి చెరువులో పుట్టి ఎక్కునప్పుడు మితిమించి ఎక్కకుడి. వరద దినములలో నీటి యొద్దకు పిల్లలను పోనియ్యకుడి. ఒడలికి కట్టుకొను రక్షణ కవచము లేక పడవ ఎక్కుట విశ్వాసము కాదు, అది దేవుని శోధించుట. తుపానులో ప్రభువు దోనె అమరమున నిద్రించెను గాని, ఆయన తుపానును వేడుకకొరకు వెదకలేదు.

1986లో గలిలయ సరస్సు నీరు కరవు వలన బాగుగా తగ్గినప్పుడు, బురదలోనుండి ఒక పురాతనమైన దోనె బయటపడెను. అది ప్రభువు కాలమునకు చేరువైనదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పొడవు దాదాపు 8 మీటర్లు, వెడల్పు రెండు మీటర్లకు కొంచెము ఎక్కువ. దానిలో పది పన్నెండు రకముల కట్టెలు కనబడెను. బీదవారైన జాలరులు దొరికిన కట్టెతో దొరికినట్లు మరల మరల అతుకులు వేసికొని దానిని నడిపిరని తోచును. అది ప్రభువు ఎక్కిన దోనె అని ఎవరును చెప్పజాలరు. అయితే ఆయన ఎక్కినది కూడ అట్టిదే అయియుండవచ్చును. ఆయన విశ్రమించుటకు బంగారు నావను కోరలేదు. అతుకుల దోనె ఆయనకు చాలెను. మన అతుకుల సంసారములోనికి కూడ ఆయన ఎక్కుటకు సిగ్గుపడడు.

కాబట్టి ప్రియులారా, మీరు హుస్సేన్ సాగరునకు పోనక్కర లేదు, పడవ కొననక్కర లేదు. ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక చిన్న దోనెను ఏర్పరచుకొనవలెనని కోరుచున్నాను. ఆదివారము ప్రొద్దు గూకు వేళ ఒక గంట చాలును. ఫోనులు ఇంటిలో పెట్టి, పిల్లలను వెంటబెట్టుకొని చెరువు కట్టమీదికి నడువుడి. అప్పుల మాట, తగవుల మాట ఆ గంటలో ఎత్తకుడి. పురుషులారా, ఆ సాయంకాలము పొయ్యి మీరు వెలిగించి, ఇంటి ఇల్లాలికి కూర్చుండు భాగ్యము ఇయ్యుడి. పాలేరు ఉన్నవారు అతనిని కూలి తగ్గించకుండ ఇంటికి పంపుడి. గల్ఫు దేశములలో కష్టపడుచున్న మన కుమారులకు ఆ దినమున ఫోను చేసినయెడల, ఎంత పంపితివని అడుగక, తింటివా, నిద్రపోతివా అని అడుగుడి. ఆ ఒక్క మాట వానికి దోనెలోని గాలివంటిది.

తరువాత దరి వచ్చును, తప్పదు. జనులు కాచుకొనియుందురు. నాట్లు, కోతలు, బాకీలు, రోగులు, బళ్ల ఫీజులు అన్నియు దరిమీద నిలిచియుండును. విశ్రమించినవాడు ఆ సమూహమును చూచి విసుగుకొనకుండునట్లు ప్రభువు వానికి నేర్పును. ఆయన దోనె దిగి జాలిపడెను. మన విశ్రాంతి నిజమైనదో కాదో దిగిన తరువాత తెలియును. పొరుగువానిమీద మన జాలి పెరిగినదా? అట్లయిన ఆ గంట వ్యర్థము కాలేదు.

గాలిని, నీటిని కలుగజేసిన దేవుడు మన గ్రామములలోని అలసినవారికందరికి తన సన్నిధిలో విశ్రాంతిని, అవతలి దరిని చేయవలసిన సేవకు బలమును దయచేయును గాక. ఆమేన్.